ఏళ్ల తరబడి ఆగిన బండిలో ఆయిల్ ప్రెషర్: ముందు కొలత, తర్వాతే విప్పడం

(హనుమకొండలో మోటారు మెకానిక్కులు, ఐ.టి.ఐ. శిక్షణార్థులు, పాత కార్లు ఉంచుకున్నవారు కలిసి కూర్చున్న సమావేశంలో ఒక విశ్రాంత ఐ.టి.ఐ. బోధకుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, షెడ్ల నుంచి పని ఆపుకొని వచ్చిన మిత్రులకు, శిక్షణలో ఉన్న పిల్లలకు నమస్కారం.

గేటు పక్కన వేపచెట్టు కింద నిలబెట్టిన తెల్ల అంబాసిడర్‌ను మీరందరూ చూసే లోపలికి వచ్చారు. ఏడేళ్లుగా కదలని ఆ బండిని నిన్న తాడు కట్టి ఇక్కడికి లాక్కొచ్చారు. యజమాని బ్యాటరీ కూడా కొత్తది తెచ్చారు గానీ, సెల్ఫ్ కొట్టవద్దని నేనే ఆపాను. ఎందుకు ఆపానో చెప్పడమే ఈ పూట నా పని. మాట ముగిశాక అందరం బయటికి వెళ్లి ఆ బండి దగ్గరే నిలబడతాం.

కొన్నేళ్ల కిందట నర్సంపేట వైపు నుంచి నాకు ఒక ఫోన్ వచ్చింది. రైస్ మిల్లు రేకుల షెడ్డులో తొమ్మిదేళ్లు పడి ఉన్న పెట్రోల్ అంబాసిడర్‌ను మిల్లు యజమాని మేనల్లుడు బయటికి తీసి, కొత్త బ్యాటరీ బిగించి, ఐదు లీటర్ల పెట్రోలు పోసి స్టార్ట్ చేశాడు. అదృష్టమో దురదృష్టమో, ఇంజన్ అందుకుంది. "సార్, బండి చాలై ఐదు నిమిషాలైంది, ఆయిల్ లైటు ఆరుతలేదు, రేస్ ఇస్తే ఆరుతదేమోనని ఇస్తున్న" అన్నాడు. ఫోన్‌లో ఇంజన్ మోత వినబడుతూనే ఉంది. "ముందు తాళం తిప్పి బంద్ చెయ్ తమ్మీ, తర్వాత మాట్లాడుదాం" అన్నాను. నేను అక్కడికి చేరేసరికి ఊళ్లో ఒకరు చూసి, ఇంజన్ పోయింది, దించి సిలిండర్లకు బోరింగు చేయించాల్సిందేనని తేల్చేసి ఉన్నారు. ఆ తీర్పు తప్పని చివరికి తేలింది. ఎలా తేలిందో మధ్య మధ్య చెబుతూ వస్తాను.

మొదట ప్రెషర్ అంటే ఏమిటో ఒకే అభిప్రాయానికి రావాలి, ఎందుకంటే మన పొరపాట్లలో సగం ఇక్కడే పుడతాయి. ఆయిల్ పంపు ప్రెషర్‌ను తయారు చేస్తుందని చాలామంది అనుకుంటారు. పంపు చేసేది నూనెను నెట్టడం మాత్రమే. ఆ నూనె వెళ్లే దారిలో ఎదురయ్యే అడ్డే ప్రెషర్‌గా గేజులో కనిపిస్తుంది. మక్క చేనులో స్ప్రింక్లర్లు పెట్టినవారికి ఇది కొత్త సంగతి కాదు. బోరు మోటారు మునుపటిలాగే పోస్తున్నా, చివరి మడిలో పైపు ఒకచోట పగిలితే అన్ని స్ప్రింక్లర్ల చిమ్ము కుంగిపోతుంది. అప్పుడు మోటారును పైకి లాగే రైతు ఉండడు, ముందు పైపు వెంబడి నడుస్తాడు. ఇంజన్‌లో ఆ స్ప్రింక్లర్లే మెయిన్ బేరింగులు, బిగ్ ఎండ్ బేరింగులు, క్యామ్ బుష్‌లు, రాకర్ షాఫ్ట్. నూనె బయటికి జారే సన్నని సందులు అవి. బోరు మోటారుకూ గేరు పంపుకూ స్వభావంలో తేడా ఉంది, పోలికను మరీ సాగదీయవద్దు. గేరు పంపు తిరిగిన ప్రతి చుట్టుకూ తన వంతు నూనెను నెట్టి తీరుతుంది, అందుకే ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకుని నూనెను తిరిగి కిందికి వదిలే రిలీఫ్ వాల్వ్ అనే కాపలా దానికి అవసరమైంది.

ఆ సందుల లెక్క ఒకటి మనసులో ఉంచుకోండి. క్రాంక్ జర్నల్‌కూ, అంటే క్రాంక్ షాఫ్ట్ మీద నునుపైన గుండ్రని భాగానికీ, దాన్ని పట్టి ఉండే పలచని లోహపు చిప్ప అయిన బేరింగ్ షెల్‌కూ నడుమ ఒకటి నుంచి మూడు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.025 నుంచి 0.075 మిల్లీమీటర్ల సందు సాధారణం. నూనె చిక్కదనమూ ప్రెషరూ మారకుండా సందు ఒక్కటే రెట్టింపైతే, అందులోంచి జారిపోయే నూనె రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. రెండు థౌ ఉండాల్సిన చోట నాలుగు థౌ అయిన ఒక్క బేరింగ్ మొత్తం ఇంజన్ ప్రెషర్‌ను ఎందుకు పడగొడుతుందో దీనితో అర్థమవుతుంది. చిక్కదనం సంగతీ అంతే. మన ఎండలకు వాడే 20డబ్ల్యూ-50 నూనె 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో దాదాపు ఎనిమిది, తొమ్మిదో వంతుకు 100 డిగ్రీల దగ్గర పలచబడుతుంది. కాబట్టి చల్లని ఇంజన్ మీద చూసిన ప్రెషర్‌కు నేను సగం విలువే ఇస్తాను.

ఎంత ఉండాలి అన్నది అందరూ అడిగే ప్రశ్న. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానిది. ఆరోగ్యంగా ఉంటే వేడెక్కాక నడుస్తున్నప్పుడు 50 పౌండ్ల చుట్టుపక్కల, ఐడిల్‌లో 15 పౌండ్లకు అటూ ఇటూ చూపాలి. పౌండ్లు అంటే చదరపు అంగుళానికి పౌండ్లు. కిలోల గేజు వాడేవారు 14.2తో భాగించుకోండి. ఇతర పాత ఇంజన్లకు మాన్యువల్ దొరక్కపోతే, ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు 10 పౌండ్లు అన్న మోటు లెక్క చేతికర్రగా పనికొస్తుంది. ఎర్ర లైటు మాత్రం ఈ లెక్కల్లోకి రాదు. దాని స్విచ్ సాధారణంగా 4 నుంచి 7 పౌండ్ల దగ్గర పనిచేస్తుంది, అంటే లైటు ఆరిందంటే ప్రెషర్ బాగుందని కాదు, పూర్తిగా పోలేదని మాత్రమే.

ఇప్పుడు నిలువ ఉన్న బండి సంగతి. రోజూ తిరిగే బండిలో ప్రెషర్ పడిపోతే అరుగుదలను అనుమానించడం న్యాయం. నడుస్తూ నడుస్తూ బాగానే ఉన్న బండిని ఆపి, ఏడేళ్ల తర్వాత తీస్తే ప్రెషర్ లేదంటే, ఆగి ఉన్న కాలంలో బేరింగులు అరగవు కదా అని మొదట మనల్ని మనం అడగాలి. అరగలేదు, నిజమే, కానీ ఆ కాలంలో వేరే పనులు జరుగుతాయి. రేకుల షెడ్డు మే నెల మధ్యాహ్నం కాగిపోతుంది, రాత్రి చల్లబడుతుంది. వానాకాలంలో తేమగాలి చాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టిలోకి చేరి లోహం మీద నీరై పడుతుంది. ఆ నీరు, పాత నూనెలో మిగిలిన మసి, ఆమ్లాలు కలిసి బేరింగ్ లోహాన్ని మెల్లగా తింటాయి, జర్నల్ మీద చిన్న చిన్న తుప్పు గుంతలు చేస్తాయి. పంపులోని నూనె కిందికి జారిపోయి గేర్లు ఎండుతాయి. రిలీఫ్ వాల్వ్‌లో ముందుకూ వెనక్కూ జరగాల్సిన ప్లంజర్ ఉన్నచోటే జిగురులో అతుక్కుపోతుంది. పంపు నూనె పీల్చే మూతి దగ్గరి జాలి మీద మడ్డి గట్టిపడుతుంది. కార్క్, రబ్బరు భాగాలు కుంచించుకుపోతాయి. ఎలుకల గురించి మిల్లు యజమానులకు నేను చెప్పాల్సిన పని లేదు. వైర్లు కొరికిన ఎలుక ఇంజన్‌ను పాడు చేయదు గానీ, ఇంజన్ పాడైందన్న అపోహను పుట్టించగలదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కాబట్టి సెల్ఫ్ కొట్టకముందు డిప్‌స్టిక్ తీయండి. లెవెల్ చూసి పెట్టేయకండి. వేళ్ల మధ్య రుద్దండి, వాసన చూడండి. మజ్జిగలా తెల్లబారి ఉంటే నీరు చేరింది. అది తేమ నీరా, హెడ్ గ్యాస్కెట్ దాటి వచ్చిన రేడియేటర్ నీరా అన్నది వేరే విచారణ. లెవెల్ గుర్తుకు పైన ఉండటం తక్కువ ఉండటం కంటే పెద్ద హెచ్చరిక, ఎందుకంటే నూనె తనంతట తాను పెరగదు. నర్సంపేట బండిలో జరిగింది ఇదే. డిప్‌స్టిక్ మీద నూనె గుర్తును దాటి వేలెడు పైకి ఉంది, ముక్కు దగ్గర పెట్టగానే పెట్రోలు గుప్పుమంది. బ్లాకుకు బిగించిన మెకానికల్ పెట్రోల్ పంపులో, మన షెడ్లలో ఏసీ పంపు అనేదానిలో, డయాఫ్రం అనే రబ్బరు పొర తొమ్మిదేళ్లు ఎండి చిట్లింది. ఇంజన్ తిరిగిన ఐదారు నిమిషాల్లోనూ, అంతకు ముందు హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ అది పెట్రోలును కార్బురేటర్‌కు కొంత, చాంబర్‌కు కొంత పంచిపెట్టింది. పెట్రోలు కలిసిన నూనె నీళ్లలా పలచబడుతుంది, దానికి ప్రెషర్ నిలవదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ కాలపు రబ్బరు దానికోసం తయారైంది కాదు. పాత బండి తీసినప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే కొత్త డయాఫ్రం వేసుకోవడం చవకైన జాగ్రత్త.

పాత నూనె మొత్తం దించండి. దించేటప్పుడు చాంబర్ అడుగు బోల్టు వదులు చేయగానే మొదట వచ్చేది నీరా నూనెనా గమనించండి, నీరు బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. ఫిల్టర్ తీసి పారేయకుండా కోసి విప్పండి. మడతల్లో నల్లని మడ్డి ఉంటే అది వయసు. మెరిసే రాగి రంగు, వెండి రంగు పొడి ఉంటే అది బేరింగ్. గిన్నె తరహా ఫిల్టర్ ఉన్న బండ్లలో అడుగు స్ప్రింగు, వాషర్లు వచ్చిన వరుసలోనే తిరిగి వెళ్లాలి, పై గాడిలోని పాత రబ్బరు రింగును గుండుసూదితో పూర్తిగా తీయాలి. పాతదాని మీదే కొత్తది పెట్టి, కారుతోందని మళ్లీ మళ్లీ బిగించి బోల్టు తెంచినవారు ఈ సభలోనే ఉన్నారు, పేర్లు చెప్పను.

ఇక గేజు. డాష్‌బోర్డులో ఉన్న సూదినీ లైటునూ సాక్షులుగా తీసుకోవచ్చు గానీ న్యాయమూర్తులుగా తీసుకోకూడదు. లైటు సంగతి రెండు నిమిషాల పని. తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్ట్ కాకముందు లైటు వెలగాలి. వెలగకపోతే బల్బు పోయి ఉంటుంది, అదే అన్నిటికంటే ప్రమాదం. ఇంజన్ నడుస్తుండగా ఆరకపోతే బంద్ చేసి, తాళం ఆన్‌లో ఉంచి, స్విచ్ మీది వైరు ఊడదీయండి. అప్పుడూ లైటు వెలుగుతూనే ఉంటే స్విచ్‌కు గానీ ప్రెషర్‌కు గానీ సంబంధం లేదు, వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఎలుక పుట్టించే అపోహ అన్నది దీన్నే.

తర్వాత స్విచ్‌ను విప్పి, ఆ రంధ్రంలో చేతి గేజు బిగించండి. గొట్టంతో వచ్చే మెకానికల్ గేజు, 0 నుంచి 100 పౌండ్ల వరకు చూపేది, ప్రతి షెడ్డులో ఒకటి ఉండాలి. ఒక్క జాగ్రత్త: మరలను చూడండి. 1/8 అంగుళం మరల్లో బ్రిటిష్ కొలత అంగుళానికి 28 గాట్లు, అమెరికన్ కొలత 27 గాట్లు. రెండు మూడు చుట్లు రెండూ ఎక్కుతాయి, తర్వాత బిగుసుకుంటాయి. అక్కడ బలం చూపితే బ్లాకు మర పోతుంది. చేతితో ఎక్కనిదాన్ని స్పానర్‌తో ఎక్కించవద్దు.

గేజు బిగించాక కూడా ఇంజన్ స్టార్ట్ చేయం. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా నూనె వేసి, ఒక పూట వదిలి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి చూస్తాం. స్వేచ్ఛగా తిరిగితేనే సెల్ఫ్. ప్లగ్గులు లేనందువల్ల కంప్రెషన్ బరువు ఉండదు, బేరింగుల మీద ఒత్తిడి ఉండదు, కాబట్టి ఎండిన బేరింగు కూడా ఈ మాత్రం తిప్పడాన్ని ఓర్చుకుంటుంది. పది, పదిహేను సెకన్లు తిప్పి, సెల్ఫ్ మోటారు చల్లబడేందుకు ఆపి, మళ్లీ తిప్పాలి. నాలుగైదు విడతల్లో గేజు సూది కదలాలి. కదలకపోతే పంపు గాలి పట్టిందన్న మాట, అంటే ఎండిన గేర్ల మధ్య సందుల్లోంచి గాలే తిరుగుతోంది, నూనెను పైకి పీల్చే శక్తి రాలేదు. బి-సిరీస్ ఇంజన్లలో ఇది తరచుగా ఎదురయ్యే బాధ. ఫిల్టర్‌కు వచ్చే బయటి పైపును వదులు చేసి, నూనె డబ్బా ముక్కుతో పంపు వైపుకు నూనె నెట్టి, ఇంజన్‌ను కొద్దిగా వెనక్కి తిప్పితే నూనె గేర్లలోకి దిగుతుంది. చాంబర్ ఎలాగూ దించినవారైతే పంపు మూత తీసి లోపల వ్యాజలిన్ నింపడం పాత పద్ధతి, మంచి పద్ధతి. గ్రీజు మాత్రం వద్దు, అది నూనెలో కరగక దారుల్లో ఇరుక్కుంటుంది.

ఇప్పుడు సూది ఏం చెబుతోందో చదవడం నేర్చుకోవాలి, నా దృష్టిలో ఈ విద్య అంతా ఇక్కడే ఉంది. ఎంత తిప్పినా సున్నా అంటే గాలి పట్టడం, జాలి మూసుకోవడం, లేదా పంపు డ్రైవ్ తెగడం. చల్లగా ఉన్నప్పుడు 50 చూపి, వేడెక్కాక ఐడిల్‌లో 5కు దిగితే, నూనె కొత్తదై సరైన గ్రేడు అయితే, అప్పుడు బేరింగుల సందు పెరిగిందని అనుమానించాలి. సూది వణుకుతూ పడుతూ లేస్తూ ఉంటే పంపు నూనెతో పాటు గాలి పీలుస్తోంది: లెవెల్ తక్కువ, లేదా జాలి పైపు గ్యాస్కెట్ ఎండి చిట్లింది. రేస్ ఇచ్చినప్పుడు మొదట పైకి వెళ్లి, రేస్ పట్టి ఉంచితే దిగిపోతుంటే జాలి మడ్డితో మూసుకుపోతోంది, పంపు అడిగినంత నూనె అందడం లేదు. ఇక చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా, ఐడిల్‌లోనూ రేస్‌లోనూ సూది ఒకే తక్కువ అంకె దగ్గర మొండిగా కూర్చుంటే, బేరింగుల జోలికి పోకముందు రిలీఫ్ వాల్వ్‌ను చూడండి.

నర్సంపేట బండి ఈ చివరి జాతిది. పెట్రోలు కలిసిన నూనె దించి, డయాఫ్రం మార్చి, కొత్త నూనె పోసి, ప్లగ్గులు లేకుండా తిప్పితే సూది కదిలింది. స్టార్ట్ చేస్తే 18 పౌండ్లు. రేస్ ఇస్తే 20. అంతే, దాటదు. అరిగిన బేరింగు అలా ప్రవర్తించదు; వేగం పెరిగితే పంపు నెట్టే నూనె పెరుగుతుంది, సందులు పెరగవు కాబట్టి ప్రెషర్ ఎంతో కొంత ఎక్కి తీరాలి. ఎక్కడం లేదంటే ఎక్కడో తలుపు తెరిచి ఉంది. ఈ ఇంజన్‌లో రిలీఫ్ వాల్వ్ బ్లాకు వెనక భాగంలో, ఎడమ పక్క, గుండ్రని తల ఉన్న పెద్ద నట్టు కింద ఉంటుంది. ఇంజన్ దించనక్కర లేదు, చాంబర్ విప్పనక్కర లేదు, ఒక్క నట్టు. విప్పితే స్ప్రింగు వచ్చింది, ప్లంజర్ రాలేదు. గట్టిపడిన జిగురులో సగం తెరుచుకున్న స్థితిలో అతుక్కుని, పంపు నెట్టిన నూనెలో పెద్ద భాగాన్ని తిరిగి చాంబర్‌కే పంపుతోంది. కార్బురేటర్ క్లీనర్ చిమ్మి, కాసేపు నానబెట్టి, దాని బోలు నడుములో మెత్తని చెక్కపుల్ల దిగ్గొట్టి లాగితే ఊడింది. అంచు మీద ఒక గీత ఉంటే సన్నని వాటర్ పేపర్‌తో (ఉప్పు కాగితంతో) నూనె వేసి రుద్ది, కూర్చునే చోటును శుభ్రం చేసి, స్ప్రింగు పొడవు చూసి తిరిగి పెట్టాను. చల్లని ఇంజన్ మీద 55 పౌండ్లు, వేడెక్కాక ఐడిల్‌లో 14, రెండు వేల ఆర్‌పీఎం దగ్గర 42.

అయినా ఆ కుర్రాడు నూనె ప్రెషర్ లేకుండా రేస్ ఇచ్చిన ఐదు నిమిషాలు నా మనసులో మెదులుతూనే ఉన్నాయి. కాబట్టి చాంబర్ దించి రెండు బిగ్ ఎండ్ క్యాపులు విప్పి చూశాను. షెల్స్ మీద సన్నని గీతలు ఉన్నాయి, రాగి పొర బయటపడలేదు. ప్లాస్టిగేజ్ అనే సన్నని మైనపు దారపు ముక్కను జర్నల్ మీద పెట్టి, క్యాపును సరైన టార్క్‌తో బిగించి, విప్పి, అణిగిన దారం వెడల్పును దాని కవరు మీది కొలతతో పోల్చితే సందు రెండు థౌ దాటలేదు. మూసేశాను. దారం పెట్టాక క్రాంక్‌ను తిప్పకూడదని పిల్లలు గుర్తుంచుకోవాలి, తిప్పితే కొలత చెడిపోతుంది.

బేరింగులే దోషులని కొలత తేల్చినప్పుడు వెనకాడవద్దు, కానీ పని సగంలో ఆపవద్దు. జర్నల్ ఓవల్ అయిందా అని మైక్రోమీటర్‌తో రెండు దిశల్లో కొలవకుండా కొత్త షెల్స్ వేయడం డబ్బు దండగ. తుప్పు గుంతలు ఉంటే క్రాంక్ గ్రైండింగ్ తప్పదు. గ్రైండింగ్‌తో సన్నబడిన జర్నల్‌కు సరిపడే షెల్స్ 10, 20, 30, 40 థౌ అండర్‌సైజులలో ఏది దొరుకుతుందో తెలుసుకుని తర్వాతే గ్రైండింగ్‌కు పంపండి, ఎందుకంటే అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ప్రీమియర్ పద్మిని కారు అంతకు చాలా ముందే ఆగింది, కొట్లో అన్ని సైజులూ ఎప్పుడూ ఉండవు. క్యామ్ బుష్‌లను మరచిపోతే, కొత్త షెల్స్ వేసిన తర్వాత కూడా ప్రెషర్ రాలేదని తల పట్టుకోవాల్సి వస్తుంది. పంపు మూత మీద గేర్లు గీసిన గాడులు ఉంటే అద్దం మీద ఎమరీ కాగితం పరచి మూతను చదును చేయండి.

మన షెడ్లలో మూడు అలవాట్లు ఉన్నాయి, వాటిపై నా అభిప్రాయం దాచుకోను. ఒకటి, చాంబర్‌లో డీజిల్ గానీ కిరోసిన్ గానీ పోసి ఇంజన్ నడిపి కడగడం. ఏళ్లుగా గట్టిపడిన మడ్డి దానితో కరిగిపోదు, పెచ్చులుగా ఊడి నేరుగా జాలికి చేరుతుంది. పైగా ఆ కొద్ది నిమిషాలూ బేరింగులకు రక్షణ ఉండదు. కడగాలంటే చాంబర్ దించి చేత్తో కడగండి. రెండోది, ప్రెషర్ లేదని మరీ చిక్కని నూనె పోయడం. మూడోది, రిలీఫ్ స్ప్రింగు కింద వాషర్ వేయడం. ఈ రెండూ గేజును బాగుచేస్తాయి, ఇంజన్‌ను కాదు. స్ప్రింగు కింద వాషర్ గరిష్ఠ ప్రెషర్‌ను పెంచుతుందే తప్ప వేడి ఐడిల్‌లో పడిపోయిన ప్రెషర్‌ను పెంచలేదు, ఆ స్థితిలో వాల్వ్ ఎలాగూ మూసే ఉంటుంది.

నేను ఇవన్నీ పుట్టుకతో నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సెలవు రోజుల్లో ఒక షెడ్డులో పనిచేసేవాణ్ణి. నాలుగేళ్లు ఆగిన ఒక ఫియట్ వచ్చింది, సూది పదికి మించి లేవడం లేదు. వెంటనే ఇంజన్ దించాను. షెల్స్, గ్యాస్కెట్లు హైదరాబాద్ నుంచి తెప్పించాను. వారం రోజుల పని చేసి ఎక్కించి స్టార్ట్ చేస్తే సూది మళ్లీ పది దగ్గరే నిలబడింది. అప్పుడు గేజు గొట్టం విప్పితే, దాని సన్నని రంధ్రంలో ఆరిన మడ్డి పూసలా కూర్చుని ఉంది. ఒక స్టీలు తీగతో పొడిస్తే ఊడి పడింది. తీసేసిన పాత షెల్స్‌ను బల్ల మీద పెట్టి చూశాను. ఇంకో ముప్పై వేల కిలోమీటర్లు నడిచేవి. యజమాని దగ్గర షెల్స్ డబ్బు తీసుకోలేకపోయాను. ఆ నెల జీతంలో కోత ఇంట్లో ఎలా చెప్పుకున్నానో అది వేరే ప్రసంగం.

బాగుచేసిన బండిని అప్పగించేటప్పుడు ఒక మాట కాగితం మీద రాసి ఇవ్వండి: మొదటి రెండు, మూడు వందల కిలోమీటర్లకే నూనె, ఫిల్టర్ మళ్లీ మార్చాలి. కొత్త నూనెలోని డిటర్జెంట్ పాత మడ్డిని విడదీస్తూ ఉంటుంది, అది ఫిల్టర్‌లో చేరినంత కాలమే మంచిది. ఆ తర్వాత కూడా గేజును కొన్నాళ్లు బిగించే ఉంచి, చల్లని ఐడిల్, వేడి ఐడిల్, వేడి రేస్ అనే మూడు అంకెలను తేదీతో రాసుకుంటే, వచ్చే ఏడాది ఆ బండి మీ దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు ఊహించాల్సిన అవసరం ఉండదు.

ఇక బయటికి పదండి. చెట్టు కింది బండి డిప్‌స్టిక్‌ను ఇంతవరకు ఎవరూ తీయలేదు, కావాలనే తీయనివ్వలేదు. ముందు వరుసలో ఉన్న పిల్లలు ఇద్దరు వచ్చి తీసి, వాసన చూసి, ఏమనిపించిందో గట్టిగా చెప్పాలి. గేజు నా సంచిలో ఉంది. ప్లగ్ స్పానర్ ఎవరి దగ్గర ఉంది?